సిలిండర్ ముల్లు, బీజాపూర్ దారి

మిర్చి బస్తాలు విప్పే రోజుల్లో వదినకు ఆయాసం రావడం మాకు అలవాటే. భోపాలపట్నంలో మా దుకాణం వెనకే ఇల్లు. ఘాటు లేచినప్పుడల్లా ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇన్హేలర్ రెండుసార్లు పీల్చి మళ్ళీ పనిలో పడేది. ఆ రోజు నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి రెండు చేతులూ గోడకు ఆనించి నిలబడి ఉంది. మాట రావడం లేదు. పెదవుల రంగు మారింది. ఇన్హేలర్ కింద పడి ఉంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది వదినే. నాకు జడ వేసిన చేతులు అవి. అన్నా నేనూ ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నర్సమ్మ మాస్క్ పెట్టి, సూది వేసి, బీజాపూర్ పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సిందేనంది. లోపల ఇంకొకామెకు నొప్పులు వస్తున్నాయి, నర్సమ్మ కదిలే వీలు లేదు. ఆంబులెన్స్‌లో నన్ను కూర్చోబెట్టి గబగబా చెప్పింది.

"ఈ గాజు గొట్టంల గోళీ పది మీద ఉంది, చూడు. నిమిషానికి పది లీటర్ల ఆక్సిజన్ పోతది. వేలికి పెట్టిన మీటరు తొంభై ఐదు దాటి నిలబడితే ఈ మర తిప్పి సగానికి తగ్గించొచ్చు. తొంభై రెండు కన్నా దిగితే మళ్ళ పెంచు. అర్థమైందా?"

అయిందన్నాను. ఆక్సిజన్ సిలిండర్ మీద గడియారం లాంటి మీటరు ఉంది, దాని ముల్లు తొంభై దగ్గర ఆగి ఉంది. నిండా ఉంటే నూట యాభై అట. వేరే సిలిండర్ లేదు.

బండి కదిలింది. డ్రైవరు ఉసూర్ వైపు మనిషి, దోర్లీ, తెలుగు, హిందీ మూడూ కలిపి మాట్లాడతాడు. అన్న అతని పక్కన కూర్చుని, మధ్యలోని చిన్న కిటికీలోంచి మాటిమాటికీ వెనక్కి చూస్తున్నాడు. నేను వదిన చేయి పట్టుకుని, నా రెండో చేతికున్న గడియారాన్నీ ముల్లునూ చూస్తూ కూర్చున్నాను.

మద్దేడ్ వరకు రోడ్డు బాగుంది. ఊరు దాటుతుండగా ముల్లు అరవై ఐదు మీదికి వచ్చింది. అన్న అడిగితే అదే చెప్పాను.

డ్రైవరు వెంటనే లెక్క కట్టాడు. "ఇరవై కిలోమీటర్లకు ఇరవై ఐదు తిన్నది. ఇంక ముప్పై కిలోమీటర్లు. నలభై కూడ తినదు. ఫికర్ లేదు సేఠ్."

అన్న ముఖంలో ఊరట కనిపించింది. నేను మాత్రం ఆ భాగహారం దగ్గరే ఆగిపోయాను. ఆ వారమంతా నేను పదకొండో తరగతికి లెక్కల్లో, హిందీలో చెబుతున్న పాఠం మార్పు రేటే. మార్పు ఎంత, దేనితో భాగించావు, కింద ఏ యూనిట్ రాశావు. యూనిట్ రాయకపోతే నేను సగం మార్కులే వేసేదాన్ని. ఇరవై ఐదు తగ్గింది, నిజమే. కానీ అది తగ్గింది ఇరవై కిలోమీటర్లు వచ్చినందుకు కాదు, ఇరవై ఐదు నిమిషాలు గడిచినందుకు. నిమిషానికి ఒకటి. బండి ఎంత దూరం పోయిందో సిలిండర్‌కు తెలియదు.

"ముందు రోడ్డు ఎట్లుంది?" అని అడిగాను.

"ఖరాబ్ ఉంది మేడం. తవ్విన్రు."

అతను అన్నట్టే కాసేపటికి తారు పోయి కంకర వచ్చింది. వేగం పడిపోయింది. ఐదు కిలోమీటర్లకు పావుగంట పట్టింది, ముల్లు యాభైకి వచ్చింది. ఇంకా పాతిక కిలోమీటర్లు. ఇదే నడకైతే గంటంబావు ప్రయాణం. సిలిండర్‌లో ఉన్నది యాభై నిమిషాల గాలి.

"అన్నా, సరిపోదు," అన్నాను. గొంతు నేననుకున్న దానికన్నా పెద్దగా వచ్చింది.

"ఏంది సరిపోనిది? ఇందాకనే సరిపోతదన్నడు గదా."

"కిలోమీటర్లతోని లెక్క పెట్టొద్దు అన్నా. అది నిమిషాలతోని తగ్గుతది. నిమిషానికి ఒకటి పోతుంది."

అతను ఏదో అనబోయేంతలో బండి ఆగింది. కల్వర్టు పక్కన మట్టిదారిలో లారీ వెనక చక్రం దిగబడి దారికి అడ్డంగా ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు, దిగి పరుగెత్తాడు. అన్న కూడా దిగాడు. నేను ముల్లునే చూస్తున్నాను. మా బండి చక్రం అంగుళం కూడా తిరగడం లేదు, ముల్లు మాత్రం దిగుతోంది. లారీ కదిలే సూచన లేదు. ముల్లు నలభైకి వచ్చింది.

అన్న వెనక తలుపు తీశాడు. అతని కళ్ళు కూడా ముల్లు మీదే ఉన్నాయి. ఇక నేనేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

వేలి మీటరు తొంభై ఆరు చూపిస్తోంది. కొంతసేపుగా అక్కడే నిలబడి ఉంది. నేను గోళీ గొట్టం పక్కనున్న మర మీద చెయ్యి వేశాను.

"గాలి తగ్గిస్తవా? ఆమె అట్ల కొట్టుకుంటుంటే?" అన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"నర్సమ్మ చెప్పింది అన్నా. ఇప్పుడు తగ్గించకపోతే దారిల అసలే ఉండదు."

అతను చెయ్యి వదిలాడు గానీ నా వైపు చూడలేదు. గోళీని ఐదుకు దించాను. మీటరు తొంభై ఐదు అయింది. తొంభై నాలుగు. తొంభై మూడు. వదిన కళ్ళు మూసుకుంది. నా వేళ్ళు మర మీదే ఉన్నాయి. తొంభై మూడు దగ్గర అది ఆగింది. మళ్ళీ తొంభై నాలుగు చూపించింది.

లారీ కదిలేసరికి కొత్త లెక్క చూశాను. ఆరు నిమిషాల్లో మూడు. బయలుదేరినప్పటి నుంచి కలిపి సగటు తీస్తే లాభం లేదు, అందులో పాత వేగమంతా కలిసిపోతుంది. గోళీ దించిన తర్వాతి లెక్కే ఇప్పుడు పనికొచ్చేది. నిమిషానికి అర. ముల్లు ముప్పై ఏడు మీద ఉంది, అంటే డెబ్భై నాలుగు నిమిషాలు. దారికి కావలసింది డెబ్భై ఐదు.

డ్రైవరుకు అదే చెప్పాను. అతను అద్దంలోంచి ఒకసారి చూసి, "ఎంత టైమున్నదో చెప్తుండుర్రి మేడం, చాలు," అన్నాడు. ఆ తర్వాత కిలోమీటర్ల మాట ఎత్తలేదు. గుంతలున్న చోట నెమ్మదిగా, లేని చోట వేగంగా నడిపాడు. నేను నిమిషాలు చెబుతూ పోయాను. అరవై. నలభై ఐదు. ముప్పై. ప్రతిసారీ అన్న భుజాలు బిగుసుకునేవి. మళ్ళీ తారురోడ్డు వచ్చింది, బండి వేగం అందుకుంది.

ఆసుపత్రి గేటులోకి తిరిగేటప్పుడు ముల్లు ఎర్ర గీతల్లో ఉంది, ఐదు దగ్గర. లోపలివాళ్ళు వదినను స్ట్రెచర్ మీదికి మార్చి గోడ దగ్గరి పెద్ద సిలిండర్‌కు గొట్టం కలిపారు. నేను బండిలోంచి దిగబోయి మెట్టు మీదే కూర్చుండిపోయాను.

మర్నాడు పొద్దున్నకు వదిన దిండ్లకు ఆనుకుని కూర్చోగలిగింది. అన్న టీ కోసం బయటికి వెళ్ళాడు. ఆమె మాస్క్ కిందికి లాగి, ముక్కలు ముక్కలుగా మాట్లాడింది.

"నువ్వు... సరిపోదు అంటుంటే... తర్వాత ముప్పై, ఇరవై అని చెప్తుంటే... నాకు భయమేసింది."

"నీకు వినబడ్డదా వదినా?"

"అంతా వినబడ్డది. నేను ఊపిరి తీస్తుంటే అది తగ్గుతుందనుకున్న. అందుకే... తక్కువ తక్కువ తీసిన. మధ్యల ఆపి కూడ చూసిన."

లారీ దగ్గర వేలి మీటరు పడిపోతుంటే ఆమె కళ్ళు మూసుకున్నది అందుకేనేమో. డ్రైవరు కిలోమీటర్లతో భాగించాడు, నేను నిమిషాలతో భాగించాను. వదిన ఆ మాస్క్ కింద తన ఊపిరితో భాగించుకుంటూ పడుకుంది. ఆమెకు ఒక్క మాట చెప్పాలని నాకు తట్టలేదు.

"నువ్వు పీల్చినా పీల్చకపోయినా అది ఒక్క తీరుగనే పోతది వదినా," అన్నాను. "గోళీ ఎంత మీద ఉంటే అంత."

ఆమె మాస్క్ అంచు పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఆ మాట... అప్పుడు చెప్పొద్దా?" అని, మాస్క్ తనే పైకి లాక్కుని, కావాలని నాకు చూపిస్తున్నట్టుగా నిండుగా ఊపిరి పీల్చుకుంది.