మోకాళ్ల రాయిని పుట్టించిన యూచిన్

షాన్ యూచిన్ ఇరవై ఆరేళ్లుగా యాంగ్‌జౌ ఊరు చూపిస్తోంది. రెండు రోజులు, మూడు తోటలు, రెండు సరస్సులు, ఒక పొద్దుటి టీ. రెండున్నర వేల ఏళ్ల ఊరిని ఆ కాస్తలో చుట్టి, షాంఘై వాళ్లనీ వూషీ వాళ్లనీ తిరిగి బస్సెక్కించడం ఆమె ఉద్యోగం. చేతిలో పసుపు జెండా, మూతి దగ్గర మైకు కంపెనీవి. ఎదుటివాణ్ణి పూచికపుల్లలా తీసిపారేసే చూపు మాత్రం సొంతం.

ఆమె లెక్కలో యాత్రికులు రెండు రకాలు. ఫొటో దిగాక ఇదేం ఊరని అడిగేవాళ్లు, దిగకముందే అడిగేవాళ్లు. మొదటి రోజు టీ దగ్గరే ఆమెకు వాళ్ల మీద విసుగు పుట్టేది. రసం నిండిన పెద్ద బన్నుకు ముందు చిన్న కన్నం చేసి పీల్చాలని మైకులో ఎన్నిసార్లు చెప్పినా, ఎవడో ఒకడు గబుక్కున కొరికి, చొక్కా అంతా తడుపుకుని, అది ఆమె తప్పన్నట్టు ఆమెవైపు గుర్రుగా చూసేవాడు.

భర్త తాన్ స్నానశాలలో జనం వీపులు రుద్దే పనిచేస్తాడు. ఆ పనికి యాంగ్‌జౌ వాళ్లకు దేశమంతా పేరుంది.

"నీ దగ్గరికొచ్చేవాళ్లు ఎంతో నయం. నోరుమూసుకుని బోర్లా పడుకుంటారు" అనేది యూచిన్.

"ఎక్కడే! బోర్లా పడుకుని కూడా కోడళ్ల మీద చాడీలు చెబుతారు" అనేవాడు తాన్.

ఇక రాయి సంగతి. ఊరికి ఉత్తరాన బాతుల సరస్సని చిన్నదొకటి ఉంది. దాని గట్టున బుడిపెలు తేలిన గుండ్రాయి ఒకటి పడి ఉండేది. గట్టు బాగుచేసిన ఏడాది తాపీపనివాళ్లు వాడగా మిగిలిన రాయది. లారీలో చోటులేక వదిలేసి పోయారు. ఆ పనివాళ్లలో యూచిన్ మేనమామ ఒకడు కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు ఆమెకు బాగా తెలుసు.

పదకొండేళ్ల కిందట, జూన్ ఉక్కపోతలో, పడవ ఆలస్యమైంది. నలభైమంది ముసలివాళ్లు గట్టున పడిగాపులు పడుతున్నారు. ఆ రాయి మీద కూర్చోవడానికి ఇద్దరు షాంఘై ఆడవాళ్లు తగవు పెట్టుకున్నారు.

"లేవమ్మా, అరగంటైంది! ఇదేమన్నా నీ పుట్టింటివాళ్లు పెట్టిన పీటా?"

"నాకు మోకాళ్ల నొప్పులు. కావాలంటే నువ్వు నేల మీద కూర్చో."

"నీకే ఉన్నాయా మోకాళ్లు? నాకు రెండూ పోయాయి!"

చేతులు జుట్ల దాకా వెళ్లేలా ఉన్నాయి. యూచిన్‌కు చిర్రెత్తుకొచ్చింది. మైకు నోటి దగ్గరికి లాక్కుని, "ఇద్దరూ లేవండి. దాని మీద కూర్చోకూడదు. ఉప్పు వ్యాపారి చిన్నపెళ్లాం ఒకావిడ చియెన్‌లోంగ్ చక్రవర్తి పడవ కోసం ఆ రాయి మీద ఏడు రోజులు కూర్చుంది. లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. అప్పట్నుంచీ దాని మీద ఎవరు కూర్చున్నా అంతే" అంది.

కూర్చున్నావిడ పదహారేళ్ల పిల్లలా ఎగిరి లేచింది.

గుంపులోంచి ఎవరో, "మరి ముట్టుకుంటే?" అన్నారు.

"ముట్టుకుంటే పోతాయి. ఎడమచేత్తో" అంది యూచిన్, పడవ వస్తోందేమోనని నీళ్లవైపు చూస్తూ. వెనక్కి తిరిగేసరికి నలభై ఎడమచేతులు రాయి మీదున్నాయి.

తర్వాతి వారం ఇంకో గైడు ఆ కథే తన గుంపుకు చెబుతుంటే యూచిన్ చెవిన పడింది. రెండేళ్లలో రాయి నున్నబడింది. నాలుగో ఏడు దాని చుట్టూ ఇనుప కంచె వచ్చింది, అయిదో ఏడు వేరే టికెట్టు. ఆ తర్వాత ఎర్ర అక్షరాలతో బోర్డొచ్చింది. ఉప్పు వ్యాపారి చిన్నపెళ్లానికి బోర్డు మీద పేరూ ఊరూ, ఆవిడ చనిపోయిన తేదీతో సహా దొరికాయి. ఎవరు వెతికిపెట్టారో యూచిన్ అడగలేదు. గడ్డి వేసిన చోటికి గొర్రెలు వస్తాయి, అందులో వింతేముందనుకుంది. తన గుంపుల్ని అక్కడికి తీసుకెళ్లి, "అదే రాయి. బోర్డు చదువుకోండి" అని చెట్టునీడకు పోయేది. పదకొండేళ్లలో ఆ కథ మళ్లీ ఆమె నోటినుంచి రాలేదు.

మొన్న ఏప్రిల్‌లో వూషీ నుంచి ముప్ఫై రెండుమంది దిగారు. వాళ్లలో డైరెక్టర్ పాంగ్ అని ఒకాయన ఉన్నాడు. ఏదో చిన్న పట్నంలో సాంస్కృతిక కార్యాలయం నడిపి రిటైరయ్యాడు. ఆఫీసు పోయి తొమ్మిదేళ్లయినా డైరెక్టరుగిరీ ఒంటిని వదల్లేదు. యూచిన్ ఒక వాక్యం చెబితే ఆయన మూడు వాక్యాలు సరిదిద్దేవాడు. తెల్లగోపురం దగ్గర ఆమె మైకే అడిగి తీసుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అందులో గోపురం గురించి ఒక్క ముక్క లేదు, ఆయన పదవిలో ఉండగా తవ్వించిన కొలను గురించే అంతా. గుంపు చప్పట్లు కొట్టింది.

అదే గుంపులో రువాన్ అని డెబ్భై తొమ్మిదేళ్ల అవ్వ ఉంది. రెండు మోకాళ్లూ వాచిపోయి, కర్ర ఊతంతో నడుస్తోంది.

రెండో రోజు బాతుల సరస్సు దగ్గరికి వెళ్లేసరికి రాయి దగ్గర క్యూ వంతెన దాటి ఉంది. కంపెనీ ఆ సరస్సుకిచ్చింది యాభై నిమిషాలు. క్యూలో నిలబడితే పడవ పోతుంది, పడవెక్కితే రాయి పోతుంది. ముప్ఫై రెండుమందీ క్యూలోకే పరిగెత్తారు. నీళ్లవైపు ఒక్కడు తిరగలేదు. ఎండ మాడు మీద కొడుతోంది. పావుగంటకు అవ్వ పెదాలు తెల్లబడటం చూసింది యూచిన్.

దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంది. "అవ్వా, ఇటు రా. నీడలో కూర్చో."

"నా వంతు పోతుందమ్మా."

"పోతే పోనీ. అందులో ఏమీ లేదు. ఆ కథ నేనే అల్లాను. ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటుంటే ఆపడానికి చెప్పాను. అది మా మామయ్యవాళ్లు వదిలేసిన రాయి."

ముందు నిలబడ్డ డైరెక్టర్ పాంగ్ గిరుక్కున తిరిగాడు. "ఏం మాట్లాడుతున్నావమ్మా? ఈ రాయి ప్రస్తావన మింగ్ రాజుల కాలపు గ్రంథంలో ఉంది. నేను స్వయంగా చదివాను."

"మింగ్ కాలమా? చియెన్‌లోంగ్ చక్రవర్తి పుట్టింది ఆ రాజులు పోయిన అరవై ఏడేళ్లకు కదండీ. ఆయన పడవ గురించి ముందే రాసి పెట్టుకున్నారా?"

క్యూలో ఒకళ్లిద్దరు నవ్వారు. పాంగ్ మెడ నరాలు ఉబ్బాయి. "గైడువై ఉండి మన సంస్కృతిని వెక్కిరిస్తావా? నీ కార్డు నంబరు చెప్పు!"

"మెడలోనే వేలాడుతోంది. కళ్లజోడు పెట్టుకుని రాసుకోండి."

అవ్వ మాత్రం యూచిన్ చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "నువ్వు చెప్పేది నిజమేనేమో తల్లీ. కానీ ఇంతదూరం వచ్చాక ముట్టుకోకుండా పోతే మా పక్కింటావిడ నన్ను బతకనివ్వదు" అంది.

యూచిన్ గొడుగు తెచ్చి, అవ్వ వంతు వచ్చేదాకా ఆమె నెత్తిన పట్టుకుని నిలబడింది. తన కథకు తానే గొడుగు పట్టినందుకు ఆమెకు తలకొట్టేసినట్టయింది. బస్సెక్కాక అవ్వ, "కుడిది కాస్త తేలికైందే!" అంటే బస్సంతా తిరిగి యూచిన్‌ను దొంగను చూసినట్టు చూసింది.

ఫిర్యాదు మూడోనాడే వచ్చింది, నాలుగు పేజీలు. చూ అనే కంపెనీ మేనేజరు ఆమెను పిలిపించాడు. ఆమె కంటే పదిహేనేళ్లు చిన్నవాడు, భయం ఎక్కువ.

"అక్కా, ఆ రాయి ఊరికి అన్నం పెడుతోంది. దాన్నెందుకు కెలికావు?"

"అది నేను పుట్టించిందిరా!"

"ఎవరు పుట్టిస్తే ఏంటక్కా, ఇప్పుడది బోర్డెక్కింది. మూడు రోజులు శిక్షణకెళ్లు. పరీక్ష పాసైతే నీ గైడు కార్డు తిరిగిస్తారు."

శిక్షణ తరగతిలో ఇరవై ఏళ్ల పిల్లల మధ్య కూర్చుంది యూచిన్. పాఠం చెప్పే అమ్మాయి ఉప్పు వ్యాపారి చిన్నపెళ్లాం పడిన విరహం గురించి కళ్లనీళ్లు పెట్టుకుంటూ చెప్పింది. పిల్లలు రాసుకున్నారు. యూచిన్ కిటికీలోంచి ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు చూస్తూ కూర్చుంది.

పరీక్షలో ఆరో ప్రశ్న: ఆమె ఆ రాయి మీద ఎన్ని రోజులు నిరీక్షించెను? యూచిన్ ఏడని రాసింది. తప్పు. తొమ్మిది. ఆమె కార్చిన కన్నీళ్ల సంఖ్య, తొడుక్కున్న అంగీ రంగు కూడా తప్పాయి. మొత్తం మీద తప్పింది.

ఇంటికెళ్లి చెబితే తాన్ తింటున్న టోఫు పులుసు పొలమారి, దగ్గీ నవ్వీ, "నువ్వు కన్న బిడ్డ నిన్నే గుర్తుపట్టలేదన్నమాట!" అన్నాడు.

"నవ్వింది చాలు. నాకేమీ నవ్వు రావట్లేదు" అంది యూచిన్. నిజంగానే రాలేదు. ఇరవై ఆరేళ్లు గొర్రెలని తను తీసిపారేసిన గుంపుకు తనే కాపరినని ఆ పూట మొదటిసారి అనిపించింది. ఆ ఆలోచన కూడా ఆమెకు రోతగానే తోచింది.

వారం తర్వాత తొమ్మిది రోజులు, ఆకుపచ్చ అంగీ, నూట ఎనిమిది కన్నీళ్లు బట్టీపట్టి మళ్లీ రాసింది. నూటికి తొంభై ఆరు వచ్చాయి. పాఠం చెప్పిన అమ్మాయి కార్డు చేతికిస్తూ, "వయసు మీద పడినా భలే నేర్చుకున్నారాంటీ" అని మెచ్చుకుంది.

మే నెలలో నాన్‌జింగ్ గుంపుతో బాతుల సరస్సుకు వెళ్లినప్పుడు యూచిన్ మైకులో తొమ్మిది రోజులూ, అంగీ, కన్నీళ్లూ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. మామయ్య సంగతి ఎత్తలేదు. తర్వాత జెండా మడిచి సంచిలో పెట్టి, "రాయి ముట్టుకునేవాళ్లు క్యూలోకెళ్లండి. సరస్సు చూసేవాళ్లెవరైనా ఉంటే నాతో పడవెక్కండి" అంది.

ఇద్దరు వచ్చారు, భార్యాభర్తలు. పడవ గట్టు వదిలింది. తూర్పున ఊరి పాత కోటగోడ నీడ నీళ్లలో పడి ఉంది, దాని మీదుగా బాతులు బారుగా పోతున్నాయి. భార్య కాసేపు చూసి, యూచిన్ భుజం తట్టింది.

"ఇక్కడ మరుగుదొడ్డి ఎక్కడమ్మా?"

"అవతలి గట్టున" అంది యూచిన్.