అందరి ఫోన్లలోంచీ పోయిన బాపు

మేం బాపు అని పిలిచే నాన్న దినాలయ్యాక జఫర్‌గఢ్ నుంచి భూపాలపల్లికి వచ్చి, ఒళ్లు హూనమై మంచం మీద వాలాను. ఫ్రేమ్ కట్టించడానికి బాపు ఫొటో కావాలి. ఆయన ఫోన్ దవాఖానలోనే పోయింది. ఫొటోలన్నీ ఆయన మెయిల్‌లో ఉన్నాయి. ఇంట్లో అందరి పాస్‌వర్డ్‌లూ దాచుకునే యాప్ తెరిస్తే బాపు పేరే లేదు! అమ్మకు ఫోన్ చేశాను.

"ఆయన బట్టలు ఇచ్చేసినంగద, ఫోన్ల గూడ పేరెందుకని తీసేసిన. నా దాంట్లనే తీసిన బిడ్డా, మీ ఫోన్లల్ల ఉంటదనుకున్న."

ఒకచోట తీస్తే అందరి ఫోన్లలోనూ పోతుందని ఆమెకేం తెలుసు? కోప్పడే ఓపిక కూడా లేదు నాకు. అమ్మ దగ్గరే ఉన్న తమ్ముడు, బీరువాలో పడేసిన తన పాత ఫోన్‌ను నెట్ తగలకుండా తెరిచాడు. అమ్మ తీసేసింది దానిదాకా చేరలేదు, బాపు పాస్‌వర్డ్ అందులో ఉంది! వాడు అది చూసి యాప్‌లో మళ్లీ ఎక్కిస్తే, అమ్మ ఫోన్‌లోనూ బాపు పేరు వచ్చింది.

"ఉండనీ బిడ్డా," అంది అమ్మ. "ఈసారి నేను తియ్య."