దొంగమాటల కార్డుపెట్టె

1993 సెప్టెంబరులో గల్ఫులో, మనామాలోని ఒక ఇంగ్లిషు శిక్షణ సంస్థలో నేను సెక్రటరీగా చేరాను, హోదా గ్రేడ్ త్రీ. గ్రేడ్ త్రీ వాళ్లు ఇతరులు రాసిచ్చిన డ్రాఫ్టును తప్పుల్లేకుండా టైపు చేయాలి. సొంతంగా ఒక్క వాక్యం రాసే అధికారం కూడా గ్రేడ్ టూ నుంచే.

నేను బడి మెట్లెక్కలేదు. మా అబ్బా జగిత్యాల కోర్టు ముందు టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేవారు. సాయంత్రం ఆ మిషను ఇంటికొచ్చేది. నా ఇంగ్లిషు, నా టైపింగు రెండూ దాని మీద వచ్చినవే. మా వారు సల్మాబాద్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కు, కాపురం నయీమ్‌లో రెండు గదుల ఇల్లు. అబ్బా నేర్పిన విద్యతో ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది, అల్‌హందులిల్లా.

మా విభాగం పెద్ద పెల్‌హమ్ సార్. అరవై దాటిన ఇంగ్లిషాయన, చూపు మందగిస్తోంది. ఆఫీసు పని అయ్యాక నాకు ఇంకో పని ఇచ్చేవారు. రెండు మూడు వందల ఏళ్ల కిందట లండన్ దొంగలు, జేబుదొంగలు బయటివాళ్లకు తెలియకుండా తమలో తాము మాట్లాడుకున్న మాటలను ఆయన జీవితమంతా పోగుచేశారు. కార్డుకొక మాట చొప్పున తొమ్మిది బూట్ల డబ్బాల నిండా ఉండేవి. ఆయన చదివి వినిపిస్తుంటే పుస్తకంగా వేయడానికి నేను అక్షరక్రమంలో టైపు చేసేదాన్ని. చర్చిలో ప్రార్థనకు తల వంచిన మనిషి జేబు కొట్టేవాడికి కూడా ఒక ప్రత్యేకమైన పేరుంది. ఆ కార్డు టైపు చేసి, తౌబా, దేవుడా క్షమించు అని మనసులో అనుకున్నాను.

జేబు కొట్టడం ముగ్గురి పని అని అప్పుడే తెలిసింది. ఢీకొట్టేవాడు ‘బల్క్’, జేబులో చెయ్యి పెట్టేవాడు ‘ఫైల్’. మూడోవాడికి మనిషి పేరులాగా ‘ఆడమ్ టైలర్’ అని పేరు. కొట్టేసిన సొత్తు అందుకుని పరుగెత్తేవాడని కార్డులో ఉంది.

సార్ ఆ కార్డు చదువుతుండగా డ్రైవర్ రాజేశం టపా సంచి కోసం వచ్చాడు. మా జగిత్యాల వైపువాడే, గల్ఫుకు రాకముందు ప్రైవేటు బస్సులో కండక్టరు. మొదటి రోజు నుంచీ నన్ను ఆపా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని.

“ఏంది ఆపా, సార్ గూడ జేబుదొంగల ముచ్చటనే వెట్టిండా?” అని నవ్వాడు. నేను అర్థం చెప్పగానే తల అడ్డంగా ఊపాడు.

“నేను బస్సుల రోజు సూసిన, ఉరికెటోడు దొరుకుతడు. తీస్కున్నోడు ఉరకడు ఆపా. ఆడ్నే నిలవడి అందరికన్న ముందుగాల ‘దొంగ, దొంగ’ అని ఒర్రుతడు. సొమ్ము ఎన్నడు దూరం పోదు, పక్కపొంటే ఉంటది. సార్‌కు చెప్పు.”

చెప్పాను. సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చేసి చూపించమని అడిగింది మాత్రం నేనే. రాజేశం టపా సంచితో సార్ భుజానికి తగిలి, ‘సారీ సార్, సారీ సార్’ అంటూ కోటు దులిపాడు. సార్ జేబులోని గొలుసు గడియారం లేదు. అందరం రాజేశం చేతులే చూస్తున్నాం.

“నన్నెందుకు సూస్తరు? ఆపా టిఫిన్ సంచి సూడుండ్రి. గీమెనే నా జోడీ!”

గడియారం నా గిన్నె మూత మీద ఉంది. సార్ కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. ఆ కార్డు కిందే రాజేశం చెప్పిన మాటను తన చేత్తో రాసుకున్నారు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న అడ్మిన్ ఆఫీసరు మాత్రం నవ్వలేదు.

మూడు వారాలకు, ఒక మంగళవారం, పరీక్షలు నిర్వహించడానికి ఒక పెద్దమనిషి వచ్చారు. మధ్యాహ్నం నమాజుకు ముందు వుజూలో కాళ్లూ చేతులూ కడుక్కోవడం కోసం చేతిగడియారం తీశారట. ఇంటికి చేరాక గాని అది లేదని చూసుకోలేదు. ఫోను వచ్చింది. వెతికారు, దొరకలేదు. ఆయన్ను తీసుకొచ్చి దింపింది రాజేశం. పని తెలిసినవాడే పని చేస్తాడని అడ్మిన్ ఆఫీసరు తేల్చేశాడు. బండి తాళాలు తీసుకుని రాజేశాన్ని సల్మాబాద్‌లోని పనివాళ్ల క్యాంపులో కూర్చోబెట్టారు.

బుధవారం సాయంత్రం నా ట్రేలోకి డ్రాఫ్టు వచ్చింది. రాజేశాన్ని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు, వీసా రద్దు చేయమని కోరుతున్నట్టు ఉత్తరం. పద్ధతి ప్రకారం నేను మూడు కాపీలు కొట్టాలి, విభాగం పెద్ద పొడి సంతకం పెట్టాలి, తర్వాత అడ్మిన్ సంతకం. శుక్రవారం సెలవు కాబట్టి గురువారం మధ్యాహ్నానికల్లా అది వెళ్లిపోవాలి. రాజేశం వచ్చి పది నెలలే. దొంగ అన్న మాటతో వీసా రద్దయితే మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. ఊళ్లో ఆ మాట అతని విమానం కన్నా ముందే దిగుతుంది.

అప్పటిదాకా ఏ డ్రాఫ్టునూ టైపు చేయకుండా వదల్లేదు. గురువారం పొద్దున దాన్ని అలాగే పట్టుకుని, పైన ఒక కార్డుల డబ్బా, నా టిఫిన్ సంచి పెట్టుకుని సార్ గదిలోకి వెళ్లాను. సార్, ఈ మాటలన్నీ టైపు చేసింది నేను, పోగుచేసింది మీరు. రాజేశం చూపించింది ఒక్కసారి, అదీ నేనడిగితే. ముందు నా సంచి వెతకమనండి అన్నాను. సార్ తన చేతిసంచి కూడా తీసి నా టిఫిన్ సంచి పక్కన పెట్టారు. మధ్యాహ్నం దాకా పొడి సంతకం పెట్టనని, ఆపై తన చేతుల్లో ఉండదని చెప్పారు.

బయటికొచ్చి ఏం చేయాలో తోచక నిలబడ్డాను. సొమ్ము దూరం పోదు, పక్కపొంటే ఉంటది అన్న రాజేశం మాట గుర్తొచ్చింది. వుజూ చేసే కుళాయి దగ్గర్నుంచి మొదలుపెట్టాను. అక్కడి నుంచి నాలుగడుగుల్లో నమాజు గది. అందులో రోజూ పరిచేవి చాపలు. అతిథులకు మాత్రం నమాజుకు పరిచే మఖ్మల్ జానమాజ్ ఒకటి వేరుగా ఉండేది. అతిథి లేచాక దాన్ని మడిచి పై అరలో పెట్టేస్తారు. మళ్లీ అతిథి వచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు. ఉతికి ఆరేసే బాధ్యత నాది. అయినా రెండు రోజులు నాకే తట్టలేదు.

కిందికి దించి విప్పాను. రెండో మడతలో గడియారం, నడుస్తూనే ఉంది. సజ్దాలో నుదురు ఆనించేచోట అడ్డం రాకుండా ఆయన దాన్ని జానమాజ్ అంచున పెట్టుకుని ఉంటారు. ఆయన లేచాక ఎవరో చూడకుండా దాంతో సహా మడిచేశారు. ముందు ఆ జానమాజ్ మీదే కృతజ్ఞతగా రెండు రకాతుల షుక్రానా నమాజు చదువుకుని, తర్వాత సార్ దగ్గరికి తీసుకెళ్లాను.

అడ్మిన్ ఆఫీసరు క్షమాపణ చెప్పలేదు. బండి తాళాలు టేబులు అంచున పెట్టి ఫోను అందుకున్నాడు. క్యాంపుకు వెళ్లి రాజేశాన్ని వెంటబెట్టుకొచ్చింది పెల్‌హమ్ సారే. చూపు సరిగా ఆనని మనిషి, మా వారు తెచ్చిన గ్యారేజీ జీపులో ముందు సీట్లో కూర్చుని వెళ్లారు.

“ఆపా, ఇగ నీ సంచికి జిప్పు వెట్టిచ్చుకో. నాతోటి తిరిగితె నీక్కూడ పేరు వస్తది,” అన్నాడు రాజేశం. నవ్వుతూనే అని తాళాలు అందుకున్నాడు.

పుస్తకం ముందుమాటలో రాజేశం పేరు వేయనా అని సార్ నాచేత అడిగించారు. అతను రెండు చేతులూ జోడించాడు. “వద్దు సార్, మీకు దండం వెడ్త. దొంగల బుక్కుల నా పేరుంటె మా ఇంటిది ఇంట్లకు రానియ్యది.” చివరికి ‘ఒక మాజీ బస్సు కండక్టరుకు కృతజ్ఞతలు’ అని టైపు చేశాను.

దొంగల మాటలు డబ్బాల కొద్దీ తెలిసినవాళ్లం సారూ నేనూ. అయినా మా సంచుల జోలికి ఆ మూడు రోజులూ ఎవరూ రాలేదు. మేం కాగితం మీద నేర్చుకున్నాం, రాజేశం చేత్తో చూపించాడు. తేడా అంతే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరి మీదైనా ఫిర్యాదు డ్రాఫ్టు వస్తే, అంచున పెన్సిలుతో ‘కళ్లారా చూసినవారెవరు?’ అని రాసి, టైపు చేయకుండా వెనక్కి పంపేదాన్ని. గ్రేడ్ త్రీకి ఆ వాక్యం రాసే అధికారం లేదు. అయినా రాశాను. కొన్ని డ్రాఫ్టులు జవాబుతో తిరిగి వచ్చాయి, టైపు చేశాను. కొన్ని మళ్లీ రాలేదు.