భుజంతో విసిరినవాడు

రెండువేల ఎనిమిదిలో గల్ఫ్‌లో, రుసైల్ అనే చోట ఒక గోదాము కడుతున్నాం. కింద నిలబడి, పరంజా మీదున్నవాడికి సిమెంటు ఇటుకలు విసరడం నా డ్యూటీ. ఇటుక వాడి చేతికి అందేసరికి వేగం చచ్చి, గాలిలో ఒక్క క్షణం ఆగాలి. అప్పుడే వాడు పువ్వులా అందుకుంటాడు. ఆ ఊపు నడుములోంచి రావాలి. అప్పటికే పదిహేనేళ్లుగా నేను అలాగే విసురుతున్నాను.

నా పక్కన జగిత్యాల దిక్కు నుంచి కొత్తగా వచ్చినవాడు ఒకడుండేవాడు. వాడిదంతా భుజబలమే. నాకంటే ఒక వరస పైకి విసిరేవాడు, రెట్టింపు వేగంతో.

మా అమెరికా ఇంజనీరుకు మమ్మల్ని చూస్తే తమాషా. వాళ్ల దేశంలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది. ఒకడు బంతి విసిరితే ఎదుటివాడు కర్రతో కొట్టాలి. అన్నం వేళ నీడలో కూర్చుని, ఆ ఆటలో తొలినాటి మొనగాళ్ల గురించి చెప్పేవాడు. ఒకడు ఇరవై ఏళ్లకు పైగా విసిరాడట, లెక్కకు మించి గెలిచాడట. ఇంకొకడు నాలుగైదేళ్లే విసిరాడట. ఆ నాలుగైదేళ్లూ వాడి బంతిని తాకినవాడే తక్కువట. తర్వాత చెయ్యి పాడైపోయి ఆట మానేశాడట.

"ఇద్దరిలో ఎవరు గొప్ప?" అని నన్నే అడిగాడు.

"ఎక్కువ ఏండ్లు ఆడినోడే సార్."

"తప్పు. వాడు ముసలి గాడిద. చాలాకాలం ఉన్నాడు కాబట్టి గెలిచాడు. రెండోవాడే మొనగాడు" అంటూ నా పక్కవాడి భుజం తట్టాడు.

ఆ రోజు నుంచి మేమంతా ఉండే రూమ్‌లో నా పేరు ముసలి గాడిద, వాడి పేరు ఛాంపియన్. నాకు ఒళ్లు మండేది. "నడుము వంచి ఇసురురా, భుజం పోతది" అన్నాను.

"నువ్వు ఓర్వలేకపోతున్నవ్ అన్నా" అన్నాడు. అందరూ నవ్వారు. ఓర్వలేకే అన్నాను. అయినా నేను చెప్పింది అబద్ధం కాదు.

ఎండలు తగ్గకముందే వాడి భుజంలో ఏదో తెగింది. పైకి పోయిన ఇటుక సగంలోంచి తిరిగొచ్చి వాడి కాళ్ల ముందే పడింది. ఇంజనీరు వచ్చి చూసి, "చెప్పానా, అచ్చం వాడే!" అని సంబరపడ్డాడు. కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి టికెట్ చేతిలో పెట్టింది.

పోయే రోజు బస్సు దగ్గర నన్ను అడిగాడు. "అన్నా, ఆ చెయ్యి పోయినోడు తర్వాత ఏం పని జేసుకొని బతికిండు? సార్‌ను జర అడుగవా?"

వెళ్లి అడిగాను. ఇంజనీరు టోపీ తీసి, తల గోక్కుని, నిజంగానే ఆలోచించాడు. "తెలీదు. అది ఎవరూ రాసిపెట్టలేదు" అన్నాడు.

వచ్చి చెప్పాను. "తెల్వదట."

"గట్లనా" అన్నాడు. కుడిచేత్తో సంచి ఎత్తబోయి, పళ్లు బిగించి, ఎడమచేత్తో అందుకున్నాడు. వెనక నుంచి రూమ్‌వాడెవడో "ఓ ఛాంపియన్!" అని అరిచాడు. అలవాటు కొద్దీ తిరిగి చూశాడు.