జేబు తడిమే సారు

మా అమ్మాయి వాచిన చీలమండను గుంజబోతూ కబడ్డీ సారు నా వైపు చూసి చొక్కా జేబు తడుముకున్నాడు. అప్పుడే నాకు భయమేసింది. గాయాలు చూడడానికి సర్కారు అనుమతి ఉందా అని ఎవరడిగినా ఆయన అలాగే తడుముకునేవాడు.

“కాయిదం ఉన్నదక్కా, పరేషాన్ గాకు.”

“జర చూపియ్యుండ్రి సారూ.”

నవ్వుతూ తీశాడు. అది కబడ్డీ పోటీలో గెలిచినందుకు ఇచ్చిన సర్టిఫికెట్.

“గిది ఆడినందుకిచ్చింది గదా?”

“గన్నేండ్లు ఆడినోనికి కాళ్ల సంగతి ఎరికుండదా?”

తెలంగాణ బంద్‌తో జనగామలో ఆటోలు లేవు. ఆయనను కాలు ముట్టనియ్యకుండా బిడ్డను ఎత్తుకుని దవాఖాన దాకా నడిచాను. ఎముక చిట్లిందని, గుంజి ఉంటే విరిగేదని డాక్టరమ్మ చెప్పింది.

ఆయన మంచివాడో మోసగాడో నాకిప్పటికీ తెలియదు. మర్నాడు పొద్దున అమ్మాయికీ, ఆయన దగ్గరే ఆడే దాని తమ్ముడికీ చెప్పాను: “సారుకు నమస్తె పెట్టుండ్రి. కాలు మాత్రం ఆయన చేతికియ్యకుండ్రి.”