గంటగోపురంలో అత్త

తడిసిన సున్నం, గబ్బిలాల రెట్ట, కరిగి ఆరిన కొవ్వొత్తులు కలిసిన వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి. ఊళ్లు తిరుగుతూ పాత చర్చిలను ఫొటోలు తీస్తుంటాను. ఏ చర్చి తలుపు తోసినా ముందు తలెత్తి దూలాలు చూసుకుంటాను.

ఈ పిచ్చి మా మేనత్త అంటించింది. అత్త రాజమండ్రి కాలేజీలో చరిత్ర చెప్పేది. వేసవి సెలవులు రాగానే నన్ను వెంటేసుకుని, రీలు కెమెరా మెళ్లో వేసుకుని, దొరలు కట్టించిన చర్చిలు వెతుక్కుంటూ బయల్దేరేది. బస్సు కిటికీలోంచి కొట్టే కాలవగట్ల వేడిగాలి, తాటాకు దొన్నెలో ముంజలు, సంచీలో మామిడి తాండ్ర, ఒళ్లంతా ఎర్రదుమ్ము, నాకు సెలవులంటే అవే.

నా పదో ఏట, యానాం దారిలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఒక చర్చికి వెళ్లాం. దాన్ని ఊడ్చి తుడిచే మరియమ్మగారు తాళం తీసి, "గంట మాత్రం ముట్టుకోకండమ్మా. గోపురం బీటలిచ్చింది, ఊగితే కూలిపోద్దండి" అని చెప్పి, మంచినీళ్లు తేవడానికి ఇంటికెళ్లారు.

పైనుంచి నది ఫొటో తీస్తానని అత్త గోపురంలోని చెక్కమెట్లు ఎక్కింది. నేను కింద గంటతాడు పక్కన నిలబడ్డాను. ఫెళ్లుమని చప్పుడైంది. విరిగిన మెట్లు నా ముందు పడ్డాయి. తలెత్తితే, ఒక దూలాన్ని రెండు చేతులా పట్టుకుని అత్త గాల్లో వేలాడుతోంది.

"బయటికి పోవే! ఎవరినైనా పిలు!"

పరిగెత్తాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో పురుగు లేదు. అరిచాను, ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఏడుస్తూ లోపలికొచ్చి తాడు పట్టుకున్నాను.

"వద్దు తల్లీ! మీద పడుద్ది!"

కళ్లు మూసుకుని లాగాను. మొదటి దెబ్బకే గోడ వణికింది. సున్నం పెచ్చులు నెత్తిన రాలాయి. గోపురం కూలి ఇద్దరం చచ్చిపోతామనుకున్నాను. అయినా తాడు వదల్లేకపోయాను. వదిలితే అత్త పడిపోతుందనిపించింది.

వేళకాని వేళ గంట విని, రేవులో వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు చేతిలో వలతోనే పరుగెత్తుకొచ్చారు. ఒకాయన పైకి చూసి, "వల పట్టండ్రా!" అని కేకేశాడు. తలో అంచూ పట్టుకుని బిగలాగారు. "వదిలేయండమ్మా, మేమున్నాం!"

అత్త వదిలింది. వలలో పడి, లేవలేక, పడుకునే చేత్తో నా మొహం మీది సున్నం తుడిచింది. ఆ తరవాత అత్త ఏ గోపురమూ ఎక్కలేదు.

మొన్న మళ్లీ ఆ ఊరు వెళ్లాను. చర్చి కొత్తగా, నున్నగా ఉంది. మరియమ్మగారు లేరు. రేవు లేదు, రొయ్యల చెరువులున్నాయి. గంట మైకులోంచి మోగుతోంది. గేటు దగ్గరున్న అమ్మాయిని గోపురం సంగతి అడిగాను.

"గోపురమాండి? ఇక్కడుండేదా?"

"ఉండేదమ్మా" అని, ఉత్త ఆకాశంలోకి వేలు పెట్టి చూపించాను.