టీచర్ కుట్టించుకున్న స్పెయిన్ పావడా

నేను చండ్రుగొండలో బట్టలు కుడతాను. ఇంటి ముందు గదిలోనే మిషను. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, పిల్లల గౌన్లు, చీరలకు ఫాల్, పీకో. చాలా ఏళ్లుగా ఇదే పని. కుట్టినవన్నీ గుర్తుండవు. ఒక్క పావడా మాత్రం కుచ్చు కుచ్చూ గుర్తుంది.

కొన్నేళ్ల కిందటి మాట. ఒంటిపూట బడులు మొదలైన రోజులు. ఒక మధ్యాహ్నం మా సోషల్ టీచర్ గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చారు. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా నాకు పాఠాలు చెప్పింది ఆవిడే. తొమ్మిదితో నా చదువు ఆగిపోయి, నేను మిషను ముందు కూర్చున్నాక ఆవిడ జాకెట్లన్నీ నా దగ్గరే కుట్టించుకునేవారు. పెళ్లి చేసుకోలేదు. బడికి దగ్గర్లో ఒక కిరాయి ఇంట్లో ఒక్కరే ఉండేవారు.

"వచ్చే నెల రిటైర్ అయితున్న గదా, ఒక డ్రెస్ కుట్టాలె నువ్వు" అన్నారు కూర్చుంటూ.

"సన్మానం నాటి చీర మీదికి జాకెట్టా టీచర్?"

"అది గూడ కుట్టు. ఇది వేరే."

సంచిలోంచి ఒక అట్ట తీశారు. చూడగానే గుర్తుపట్టాను. పాత పత్రికలోంచి కత్తిరించి అట్టకు అంటించిన బొమ్మ. యూరప్ పాఠం వచ్చినప్పుడల్లా అది బెంచీ బెంచీకీ తిరిగేది. స్పెయిన్ దేశపు ఆడమనిషి. ఎర్ర బట్ట మీద తెల్ల చుక్కలు, మోకాళ్ల కింద నుంచి మూడు వరసల కుచ్చులు, భుజాల మీద దారాలు వేలాడే శాలువా, చెవి పక్కన ఎర్ర పువ్వు. ఏడో తరగతిలో ఆ అట్ట నా చేతికి వచ్చినప్పుడు నేను పటంలో స్పెయిన్ ఎక్కడుందో వెతకలేదు. కుచ్చులు ఎట్లా పట్టారో చూస్తూ కూర్చుంటే టీచర్ ఒక మొట్టికాయ వేసి అట్ట లాక్కున్నారు.

"గిట్లనే కుట్టాలె" అన్నారు.

"ఎవరికి టీచర్?"

"నాకే. ఇన్నేండ్లు పిల్లలకు దేశాలన్నీ చూపించిన. నేను మాత్రం మద్రాసు దాటిపోలే. ఆఖరి పాఠం గిదేస్కొని చెప్పాలని ఉంది. నవ్వుతరంటవా?"

"కొందరు నవ్వుతరు టీచర్" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"నవ్వనీ. ఎండకాలం, బడిల ఎట్లాగూ పిల్లలు నిద్రపోతుంటరు."

బట్ట కూడా ఆవిడే తెచ్చారు. ఎర్ర వాయిల్ చీర, తెల్ల చుక్కలు. వాళ్ల అమ్మగారిది. టీచర్ నాన్న ఇల్లెందులో బొగ్గుబాయిలో పనిచేసేవాడట. ఆ చీరలో అమ్మ, చేతిలో టిఫిను డబ్బాతో గుమ్మంలో నిలబడి ఆయన్ను సాగనంపడం తనకు బాగా గుర్తని చెప్పారు. మెత్తగా ఉంటుందని ఎండాకాలమంతా అమ్మ అదే కట్టేదట.

నేను చీరను వెలుతురుకు పట్టి చూశాను. మడతల దగ్గర దారాలు విడిపోయి ఉన్నాయి. కత్తెర తీసి మళ్లీ పక్కన పెట్టాను.

"అమ్మ చీర టీచర్. కొయ్యమంటరా?"

"పెట్టెల ఉంటే మడతలకాడ చినుగుతనే ఉంటది. నువ్వు కోస్తెనే మిగిలేది."

పాడైన చోటల్లా సుద్దతో గీశాను. బాగున్న ముక్కలన్నీ కుచ్చులకు వచ్చాయి. నడుము నుంచి మోకాళ్ల దాకా కొత్తగూడెం నుంచి తెప్పించిన ఎర్ర నూలు బట్ట వేశాను. బొమ్మలో ఉన్నంత బిగుతుగా వద్దని, నడుము కొంచెం వదులు చేశాను.

మొదటిసారి కుట్టింది అస్సలు కుదరలేదు. కుచ్చులు కిందికి జారకుండా గొడుగులా పైకి లేచి నిలబడ్డాయి. టీచర్ అద్దంలో చూసుకుని, "పుట్టినరోజు పిల్ల లెక్కున్న" అని పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆవిడ వెళ్లాక మొత్తం విప్పేశాను.

రెండు రోజుల తర్వాత తండా నుంచి ఒక పెద్దావిడ మనవరాలి గౌను కోసం వచ్చింది. లంబాడీ గాగ్రాలు ఇంట్లోనే కుట్టుకునే మనిషి. బల్ల మీద కుప్పగా పడి ఉన్న కుచ్చుల్ని వేళ్లతో లాగి చూసింది.

"ఏంది బిడ్డా ఇది? ఎవరికి?"

చెప్పాను. ఆమె నవ్వలేదు. తన గాగ్రా అంచు తిప్పి లోపల చూపించింది.

"కింద బరువు లేదు. గిట్ల లోపట మందం పట్టీ పెట్టు. అప్పుడు నడిస్తే కుచ్చు కదులుతది, ఆగితే కిందికి దిగుతది."

చీర అంచు మిగిలి ఉంది. దాన్నే రెండు మడతలు వేసి అడుగు వరస లోపల పట్టీగా కుట్టాను. ఈసారి పావడా పడాల్సినట్టు పడింది.

ఇక శాలువా. ఏళ్ల తరబడి సన్మానాల్లో కప్పినవి టీచర్ దగ్గర చాలానే ఉన్నాయి. వాటిలోంచి ఒక గోధుమరంగుది తీసుకుని, అంచు పొడుగునా పట్టుదారాలు ముడివేశాం. నాలుగు సాయంత్రాలు మా వాకిట్లో చెరో చివరా పట్టుకుని కూర్చున్నాం. చిన్నప్పుడు నేను భయపడిన మనిషి ఈవిడేనా అనిపించేది. నా చదువు ఆగిపోయినప్పుడు మా ఇంటికి రెండుసార్లు వచ్చి మా నాన్నతో గొడవపడ్డారని అప్పుడే తెలిసింది. నాకెవరూ చెప్పలేదు.

"ఇంకా గట్టిగ కొట్లాడాల్సుండె" అన్నారు ముడివేస్తూ. నేను ఇంకో దారం అందించాను.

బడికి ఆఖరి రోజునే సన్మానం పెట్టారు. పొద్దున్నే వెళ్లి టీచర్‌ను తయారుచేశాను. తెల్ల జాకెట్టు, పావడా, శాలువా, మిగిలిన చీర ముక్కతో చేసిన పువ్వు. చేతిలో తాటాకు విసనకర్ర. పట్టుచీర సంచి నేను మోసుకుంటూ వెనకాల నడిచాను. దారిలో టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. టీచర్ నడక మాత్రం ఆగలేదు.

ఏడో తరగతిలో అడుగుపెట్టగానే పిల్లలు నోళ్లు తెరిచారు. తర్వాత నవ్వులు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి అడిగింది: "టీచర్, మా నాయనమ్మ గాగ్రా లెక్క ఉన్నదేంది?"

"అవ్, చుట్టరికం ఉండొచ్చు" అన్నారు టీచర్. "ఆ దేశంల గీ కుచ్చుల పావడాలు ముందు వేసుకున్నది ఊరూరు తిరిగే జాతి ఆడవాళ్లు. వాళ్ల పెద్దలు ఎన్నో వందలేండ్ల కింద మన రాజస్థాన్ దిక్కు నుంచే పోయిన్రని చెప్తరు. మీ లంబాడీల పెద్దలు గూడ ఆ దిక్కోళ్లే."

పటం విప్పి, విసనకర్ర కాడతో రాజస్థాన్ మీది నుంచి పడమటికి గీత గీసుకుంటూ పోయి స్పెయిన్ దగ్గర ఆపారు. తలుపు దగ్గర నిలబడ్డ నేను కూడా మొదటిసారి ఆ దేశం ఎక్కడుందో చూశాను. ఆ పిల్ల పక్కవాళ్ల వైపు తల ఎత్తి చూసి కూర్చుంది. మళ్లీ ఎవరూ నవ్వలేదు.

గంట కొట్టాక పక్క గదిలో టీచర్‌కు పట్టుచీర కట్టాను. మీటింగులో దండలు వేశారు, ఇంకో శాలువా కప్పారు. ఒకాయన మైకులో టీచర్ నిరాడంబరత గురించి మాట్లాడుతుంటే ఆవిడ నావైపు చూసి, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నారు.

ఇప్పుడు ఆవిడ కొత్తగూడెంలో చెల్లెలి ఇంటి పైభాగంలో ఉంటున్నారు. పోయిన వేసవిలో చూడ్డానికి వెళ్లాను. ఆ పావడాతోనే డాబా మీద మామిడి ముక్కలు ఎండబెడుతున్నారు. చుక్కలు వెలిసిపోయాయి, ఒకచోట కుచ్చు ఊడి వేలాడుతోంది.

"గాలి మంచిగాడుతది, అందుకే ఎండకాలం ఇదే" అన్నారు. సూదీదారం అడిగి, ఆవిడను నిలబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని కుచ్చు కుట్టాను. "జల్దీ కానీ, ముక్కలు తిప్పెయ్యాలె" అని పైనుంచి తొందరపెడుతూనే ఉన్నారు.